యమలోకం తెరకెక్కిన తీరు

చచ్చి పైకెళ్లినవాడు యముణ్ణే నిలదీయడం తెలుగు సినిమాకు చాలా కలిసొచ్చిన కథ. దీని మూలం బెంగాలీది: 1958 నాటి 'యమాలయే జీవంత మానుష్'. అదే కథతో 1960లో ఎన్టీఆర్ హీరోగా 'దేవాంతకుడు' వచ్చింది, ఎస్వీ రంగారావు యముడు.

అసలు పంట పండింది మాత్రం 1977లో, తాతినేని రామారావు 'యమగోల'తో. ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది అది. హీరో నరకంలో యమభటులను కూడగట్టి యూనియన్ పెట్టిస్తే జనం పడీపడీ నవ్వారు. నవ్వరా మరి! డి.వి.నరసరాజు రాతలోని వెటకారం ఇప్పటికీ పాతబడలేదు. ఆ సినిమాతో తాడిపత్రి నుంచి టెక్కలి దాకా యముడంటే కైకాల సత్యనారాయణే అయ్యాడు. 'యముడికి మొగుడు' (1988), 'యమలీల' (1994)లోనూ ఆయనే.

'యమగోల' హిందీలో 'లోక్ పరలోక్', తమిళంలో 'యమనుక్కు యమన్' అయింది. 'యమలీల'ను హిందీలో వెంకటేశ్ 'తక్‌దీర్‌వాలా'గా చేశాడు. అందులో చిత్రగుప్తుడి భవిష్యవాణి పుస్తకం జారి భూమ్మీద పడుతుంది. 2003 చివర్లో మొదలైన జపాన్ మాంగా 'డెత్ నోట్'లోనూ మృత్యుదేవత పుస్తకం భూమ్మీదికే వస్తుంది, కాకపోతే అక్కడ ఆ మృత్యుదేవత ర్యూక్ కావాలనే పడేస్తాడు.

2007లో రాజమౌళి 'యమదొంగ'లో మోహన్‌బాబు యముడయ్యాడు. గొంతులో దర్పం ఉంది గానీ, సత్యనారాయణ యముడిలోని అమాయకత్వం ఆయనకు రాలేదు.