చిలకలగూడ కౌన్సిలరు

ఈశ్వరీబాయి పేరెత్తితే మన సభల్లో అందరూ చెప్పు సంగతే చెప్తారు. 1968లో కృష్ణా జిల్లా కంచికచర్లలో కోటేశును సజీవంగా తగలబెట్టారు. ఆ రోజుల్లో ఒక మంత్రి హరిజనుల మీద నోరు పారేసుకుంటే, ఈమె అసెంబ్లీలో చెప్పు చూపించి జవాబు చెప్పిందంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకూ ఒళ్ళు పొంగుతుంది. కాదనను. కానీ చెప్పు దగ్గరే ఆగిపోతే, దానికి పదిహేడేండ్ల ముందు ఆమె గెలుచుకున్న కుర్చీ మన కంటికి ఆనదు. అది అసెంబ్లీ కుర్చీ కాదు, మునిసిపాలిటీ కుర్చీ.

నేను పుట్టింది కరీంనగర్ జిల్లాలో, మాదిగవాడలో. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటిదాన్ని. ఇప్పుడు ఆదిలాబాద్ జిల్లాలో సర్కారు బడి టీచరును. స్థానిక ప్రభుత్వాల పాఠం ఏటా చెప్తాను. అందులో అన్నీ ఉంటాయి, మనుషులు తప్ప.

ఈశ్వరీబాయి 1918 డిసెంబరు 1న సికింద్రాబాదు చిలకలగూడలో పుట్టింది. కీస్ బాలికల హైస్కూల్లో చదివింది. పుణె డాక్టరుకిచ్చి పెండ్లి చేశారు. తర్వాత పుట్టింటికి తిరిగొచ్చి పరోపకారిణి బడిలో టీచరుగా చేరింది. మన మనిషి, ఆడమనిషి, పైగా పంతులమ్మ! ఈ ముక్క చదివిన రోజు నేను పుస్తకం మూసి చాలాసేపు ఊకె కూసున్నా. 1951 మునిసిపల్ ఎన్నికల్లో చిలకలగూడ నుంచి నిలబడి కౌన్సిలరుగా గెలిచింది.

అవి ఎసొంటి రోజులో చూడండి. పోలీసు చర్య జరిగి మూడేండ్లు. రాజ్యాంగం అమల్లోకొచ్చి ఏడాది. ఆ వెంటనే జరిగిన మొదటి సాధారణ ఎన్నికల్లో మా కరీంనగర్ నుంచి షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ మనిషి ఎం.ఆర్. కృష్ణ లోక్‌సభకు గెలిచిండు. దేశం మొత్తం మీద ఆ పార్టీకి వచ్చినవి రెండే లోక్‌సభ సీట్లు, షోలాపూర్, కరీంనగర్. బొంబాయిలో అంబేద్కరే ఓడిపోయిన ఎన్నిక అది. ఈ సంగతి కరీంనగర్‌లో పుట్టి పెరిగిన నా తోటి టీచర్లలో ఎందరికి తెలుసని అడిగితే ఒక్క చెయ్యి లేవలేదు. ఫెడరేషన్ 1957లో రిపబ్లికన్ పార్టీ అయ్యింది. మన రాష్ట్రంలో దానికి పెద్దదిక్కు ఈశ్వరీబాయే.

కౌన్సిలరంటే ఏముంది, నల్లా, మోరి, వీధిదీపం అని మన కార్యకర్తలే చప్పరించేస్తారు. మహద్ సంగతి గుర్తు చేసుకోండి. చవదార్ చెరువు నీళ్ళు అంటరానివాళ్ళు ముట్టవచ్చని 1924లో తీర్మానం చేసింది మహద్ మునిసిపాలిటీ. ఆ తీర్మానం కాయితం మీదే ఉండిపోయింది. 1927 మార్చి 20న అంబేద్కర్ వేలమందితో పోయి దోసిలి పట్టి తాగిండు. అదే ఏడాది ఆగస్టులో అదే మునిసిపాలిటీ తీర్మానాన్ని రద్దు చేసింది. ఆ కేసు బొంబాయి హైకోర్టులో తేలేసరికి 1937. చెరువును తెరిచిందీ కాయితమే, మూసిందీ కాయితమే. ఆ కాయితం మీద చెయ్యెత్తే కుర్చీల్లో ఎవరు కూసున్నారన్నదే లెక్క.

మా అమ్మ 2019లో వార్డు మెంబరయ్యింది. బీడీలు చుట్టిన వేళ్ళతో నెలరోజులు సంతకం నేర్చుకుంది. మొదటి మీటింగుకు పోతే కుర్చీలన్నీ నిండినయి. కారోబారు చాప చూపిండు, "ఆడ కూసో అవ్వా" అని. అమ్మ గోడపొంటి నిలబడే ఉంది. రెండో మీటింగూ అంతే. మూడోసారి ఇంట్లోంచి ప్లాస్టిక్ కుర్చీ నెత్తిన పెట్టుకుని పోయింది. నడుమ వేసుకుని కూసుని, "రాసింది సదివి ఇనిపియ్యిండ్రి. మా వాడ మోరి రాసిన్రా లేదా?" అంది. రాయలేదు. చదివించుకుంటే గదా తెలిసింది! ఆ రోజు రాయించే లేచింది.

మా అమ్మమ్మది ఎల్లారెడ్డి దిక్కు ఊరు. అప్పట్లో నిజామాబాద్ జిల్లా, ఇప్పుడు కామారెడ్డి జిల్లా. 1967లో అక్కడి రిజర్వుడు సీటుకు కాంగ్రెసు నుంచి టి.ఎన్. సదాలక్ష్మి, రిపబ్లికన్ పార్టీ నుంచి ఈశ్వరీబాయి నిలబడ్డారు. సదాలక్ష్మి తక్కువ మనిషి కాదు. మంత్రిగా, డిప్యూటీ స్పీకరుగా చేసింది, ముసలితనంలో దండోరా వెంట నడిచింది. ఆమె మాదిగ, ఈమె మాల. "ఆమెను వదిలి ఈమె గురించి రాస్తావా" అని నన్నడిగినవాళ్ళున్నారు. ఇద్దరి గురించీ రాస్తా. ఆ ఎన్నికలో మా తాత సదాలక్ష్మికి వేసిండు. అమ్మమ్మ ఈశ్వరీబాయికి వేసి ఇంట్లో తిట్లు తిన్నది. ఎందుకేసినవని అడిగితే, "సదాలక్ష్మమ్మ మన బిడ్డనే. ఓటు అడగనీకి మనింటికి వచ్చినోళ్ళు మాత్రం పటేండ్లు" అన్నది. రిజర్వుడు సీటు గుట్టు ఇంత పొట్టిగా చెప్పిన పుస్తకం నాకు ఇంతవరకు దొరకలేదు.

ఈశ్వరీబాయి గెలిచింది. 1969 తెలంగాణ ఉద్యమంలో జైలుకు పోయింది. తెలంగాణ ప్రజాసమితి 1971లో కాంగ్రెసులో కలిసిపోతే ఆమె కలవలేదు. సంపూర్ణ తెలంగాణ ప్రజాసమితి పేరు మీద 1972లో మళ్ళీ ఎల్లారెడ్డి నుంచే గెలిచింది. 1991 ఫిబ్రవరి 24న చనిపోయింది. పంచాయతీల్లో, మునిసిపాలిటీల్లో ఆడవాళ్ళకు మూడోవంతు సీట్లిచ్చే రాజ్యాంగ సవరణలను పార్లమెంటు ఆ మరుసటి ఏడాది ఆమోదించింది.

అమ్మ గడువు 2024లో తీరింది. మోరి సగం దాకా వచ్చి ఆగింది. తీర్మానం నకలు నా దగ్గర ఉంది. ప్లాస్టిక్ కుర్చీని మాత్రం అమ్మ ఇంటికి తెచ్చుకోలేదు, పంచాయతి ఆఫీసులోనే ఉంచింది.