విశేషణాలు వద్దు, క్రియలు చెప్పండి



"వీడు బద్ధకస్థుడండీ." "ఇది ఒట్టి మొండిది మాస్టారూ." తెలుగు పండితునిగా పనిచేసినన్నాళ్ళూ తల్లిదండ్రుల నోట నేను తరచుగా విన్న మాటలివి. వ్యాకరణరీత్యా రెండూ విధేయ విశేషణాలే. విశేషణం తీర్పు చెబుతుంది. క్రియ జరిగినదేమిటో చెబుతుంది. పిల్లల్లో కుంగుబాటును, అనగా వైద్యులు డిప్రెషన్ అనే వ్యాధిని, పోల్చుకొనడంలో ఈ భేదం ఎంతో అక్కరకు వస్తుందని నా అనుభవం.

కుంగుబాటు అనగానే మనకు కన్నీరు తోస్తుంది. పిల్లల్లో అది చాలాసార్లు చిరాకుగా, కోపంగా బయటపడుతుంది. ఇష్టమైన ఆట మానేస్తారు. స్నేహితులను తప్పించుకు తిరుగుతారు. నిద్ర, ఆకలి తగ్గుతాయి, లేదా మితిమీరుతాయి. చదివినది తలకెక్కదు. కారణం తెలియని కడుపునొప్పి, తలనొప్పి వస్తూ ఉంటాయి. "నేనెందుకూ పనికిరాను" అనుకుంటారు. ఇటువంటి మార్పులు రెండు వారాలకు మించి ఇంచుమించు ప్రతిదినమూ కనబడుతూ, చదువుకూ జీవనానికీ అడ్డువస్తుంటే దానిని వయసు చేష్ట అని త్రోసిపుచ్చరాదు.

నేను పనిచేసిన ఒక పల్లెటూరి పాఠశాలలో తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు ఉండేవాడు. ఉపాధ్యాయుల గదిలో వాడి బిరుదు "పొగరుబోతు". వాడి తల్లి ఒకనాడు వచ్చి, కొడుకు మాట వినడం లేదనీ, నాలుగు తగిలించమనీ కోరింది. "అమ్మా, వాడు ఎటువంటివాడో తరువాత చెబుదువుగాని, ఏమి చేస్తున్నాడో చెప్పు" అన్నాను. ఆమె కాసేపు ఆలోచించి చెప్పింది. "అర్ధరాత్రి లేచి కూర్చుంటన్నాడండీ. అన్నం సగం వదిలేత్తన్నాడు. ప్రాణంగా చూసుకునే బ్యాటు తమ్ముడికిచ్చేశాడు, నాకిక అక్కర్లేదని."

ఈ చివరి మాట నన్ను భయపెట్టింది. ప్రియమైన వస్తువులను పంచిపెట్టడం ఒక్కొక్కప్పుడు ప్రాణాపాయ సూచన. హాజరుపట్టీ తిరగేస్తే రెండు నెలల్లో పదకొండు గైర్హాజరులు ఉన్నాయి. ఇవన్నీ ఒక కాగితం మీద తేదీలతో వ్రాసి, మరునాడే తల్లీకొడుకులతో జిల్లా కేంద్రంలోని మానసిక వైద్యుని వద్దకు వెళ్ళాను.

వైద్యుడు ఆ కాగితం శ్రద్ధగా చదివి, మమ్మల్ని బయట కూర్చోబెట్టి, పిల్లవానితో ఏకాంతంగా మాట్లాడాడు. చనిపోవాలనిపిస్తోందా అని కూడా అడిగానని తరువాత చెప్పాడు. తల్లి ఉలిక్కిపడింది. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదని, ఉన్న ఆలోచన బయటకు వచ్చి బరువు తగ్గుతుందని ఆయన నచ్చజెప్పాడు. ఇంట్లో ఉన్న పురుగుమందు డబ్బాలను ఆనాడే వేరొకచోటికి తరలించమన్నాడు. సేద్యం చేసే ఇళ్ళలో ఇంతకన్న ముఖ్యమైన జాగ్రత్త లేదు.

కుర్రవాడు కోలుకోవడానికి చాలా నెలలు పట్టింది. ముందుగా నిద్ర తిరిగివచ్చింది. నవ్వు ఎంతో ఆలస్యంగా వచ్చింది.

"ధైర్యంగా ఉండు" అన్నంత మాత్రాన ఈ వ్యాధి పోదు. గీతలో కృష్ణుడంతటివాడు మొదట లెమ్మని మందలిస్తే అర్జునుడు లేవలేదు. యుద్ధం చేయనని మౌనం వహించాడు. సుదీర్ఘ సంభాషణ ఆ తరువాతనే సాగింది. నేటి వైద్యంలోనూ సంభాషణకు పెద్దపీట ఉన్నది. ఆలోచనల తీరునూ దినచర్యనూ క్రమంగా సరిదిద్దే చికిత్స ఉన్నది. తీవ్రత ఎక్కువైతే మందులు కూడా ఇస్తారు. మొదటి వారాల్లో పిల్లవానిని మరింత కనిపెట్టి ఉండాలి. కాస్త నయం కాగానే మన ఇష్టప్రకారం మందులు ఆపరాదు.

"ఎర్రగడ్డకు పంపాలి" అని వెక్కిరించుకొనే అలవాటు మనలో ఉన్నది. హైదరాబాదు ఎర్రగడ్డలోనైనా, విశాఖపట్నంలోనైనా ఉన్నవి వైద్యశాలలే. ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లోనూ మానసిక వైద్యులు ఉంటారు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరుపై రాత్రింబవళ్ళు ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆపదలో ఉన్న పిల్లల కొరకు 1098 ఉన్నది.

మీ ఇంట్లోనో, పొరుగింట్లోనో ఒక పిల్లవాని గురించి విశేషణం నోటికి వచ్చినపుడు ఒక్క క్షణం ఆగండి. ఒక కాగితం తీసి, వాడు ఏమి చేస్తున్నాడో, ఏమి మానేశాడో, ఎప్పటినుండో వ్రాయండి. ఆ కాగితంతో వైద్యుని వద్దకు వెళ్ళండి. చావు మాట గాని వినబడితే కాగితం కోసమూ ఆగవద్దు, పిల్లవానిని ఒంటరిగా వదలవద్దు. ఆ రోజే బయలుదేరండి.