తోలు తిన్నదెవరు?

కరోల్ బాగ్‌లో సోమవారం బజారుకు సెలవు. ఆ మర్నాడు పొద్దున అజ్మల్ ఖాన్ రోడ్డు మీద జనం ఇంకా పలచగానే ఉంటారు. మేము భార్యాభర్తలం చిల్లర పనులన్నీ ఆ పూటకే పెట్టుకుంటాం. పోస్టాఫీసు, గఫార్ మార్కెట్లో ఫోన్ రిపేరు, రేగర్‌పురాలో చెప్పులు కుట్టించడం, ఇలాంటివే.

మెట్రో మెట్ల దగ్గర ఒక గోధుమరంగు కుక్క పడుకుని ఉంటుంది. చెవి కొస కత్తిరించి ఉంటుంది. దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషను అయిందని గుర్తు. మా ఇద్దరిలో ఒకరికి కుక్కంటే భయం. ఎవరికో ఇక్కడ రాయం. ఆ మనిషి ఫోన్ చూస్తున్నట్టు నటిస్తూ దాన్ని దాటుతారు. కుక్క కన్ను కూడా తెరవదు.

2025 ఆగస్టులో ఈ కుక్క బతుకు సుప్రీంకోర్టుకెక్కింది. 11వ తేదీన ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం, ఢిల్లీ చుట్టుపట్ల వీధికుక్కలన్నిటినీ పట్టి షెల్టర్లలో పెట్టమంది. 22న ముగ్గురు న్యాయమూర్తులు దాన్ని సవరించారు. ఆపరేషను చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలాలి. రేబిస్ ఉన్నవాటినీ, మీదపడి కరిచేవాటినీ మాత్రం వదలకూడదు. వీధిలో ఎక్కడపడితే అక్కడ తిండి పెట్టకూడదు, వార్డులో అందుకొక చోటు చూపించాలి. మాకు లా డిగ్రీ ఉందని తెలిసినవాళ్లంతా అప్పట్నుంచి దారిలో ఆపి, “ఇప్పుడు రూలేమిటి?” అని అడగటమే.

సెప్టెంబరులో ఒక మంగళవారం, మేము ఎప్పుడూ దుప్పట్లు కొనే దుకాణాయన కుర్చీలు వేయించి చాయ్ తెప్పించాడు. “వకీల్ సాబ్, భాభీజీ, కార్పొరేషన్‌కి ఒక అర్జీ రాసిపెట్టండి. ఈ గల్లీ కుక్కలన్నిటినీ ఎత్తుకుపోవాలి. మొన్న ఊడ్చే ఆమె కూతుర్ని కరిచింది. అదే, ఆ చెవి తెగినది.”

ఊడ్చే ఆమె మాకు తెలుసు. రాణీ ఝాన్సీ రోడ్డులోని అంబేద్కర్ భవన్‌కు రెండుసార్లు మాతో వచ్చింది. వెనక గల్లీకి వెళ్లి చూశాం. తొమ్మిదేళ్ల పిల్ల, పిక్క మీద నాలుగు గాట్లు. తల్లి ముందు మిరప్పొడి అద్దిందట. చేయకూడని పని అది. సబ్బు రాసి, పారే నీళ్ల కింద పావుగంట కడగాలి, ఆ తర్వాతే ఆసుపత్రి. నయం, మొదటి సూది మాత్రం వెంటనే వేయించింది.

“ఏ కుక్కమ్మా?” అని అడిగాం. పిల్ల తడుముకోలేదు. తెల్లది, పొడుగు బొచ్చు, మెడలో ఎర్ర పట్టీ, గేటు తీసి ఉంటే బయటికొచ్చింది. తల్లి గబుక్కున పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. ఆ గేటు ఏదో మాకూ తెలిసిపోయింది.

“రోజూ ఆ ఇంటి ముందే ఊడవాలి దీదీ. ఎక్కడా రాయొద్దు.”

పెంపుడు జంతువు మనిషికి హాని చేయకుండా చూసుకోని యజమానికి, భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. చెప్పాం. వేరే ఊరి వాన కబురు విన్నట్టు వింది.

ఆ గేటు ఇంటావిడ మంచిదనే గల్లీలో పేరు. పొద్దున్నే స్టీలు గిన్నెలో వీధికుక్కలకు పాలు పోస్తుంది. ఊడ్చే ఆమెకు మంచినీళ్లు మాత్రం పైనుంచి దోసిట్లోకి పోస్తుంది. మేము కళ్లతో చూశాం. మాకు కుక్క మీద కోపం లేదు, ఆ గిన్నె మీద ఉంది. మహాడ్‌లో పశువులు తాగే చవదార్ చెరువు నీళ్లు మనవాళ్లు ముట్టకూడదన్నారు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వెళ్లి ఆ నీళ్లు తాగారు. 1931లో బొంబాయిలో గాంధీగారితో, కుక్కలకూ పిల్లులకూ ఉన్న విలువ కూడా మాకు లేని చోటును మా దేశమని ఎలా అనుకోమంటారని నిలదీశారు. జంతుప్రేమ అనగానే మనలో చాలామందికి ఒళ్లు మండేది ఇందుకే. ఆ మంటను మేము తప్పుపట్టం. అయితే 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో పదమూడోది సకల ప్రాణుల పట్ల కరుణ గురించే. మేమూ ఆ ప్రతిజ్ఞ చేసినవాళ్లమే.

ఆ రాత్రి కుక్కుర జాతకం మళ్లీ తీశాం. వారణాసి రాజు రథం వానలో తడిసింది. దాని తోలు పట్టాలను కోటలోని కుక్కలే కొరికి తినేశాయి. నేరం మాత్రం బయటి కుక్కల మీద పడింది, కనిపించినదాన్నల్లా చంపమన్నాడు రాజు. శ్మశానంలో ఉండే కుక్కల పెద్ద, ఆ జన్మలో బోధిసత్వుడు, నేరుగా కొలువుకు వెళ్లాడు. జాలి చూపమని అడగలేదు. తిన్నదెవరో విచారించావా అని అడిగాడు. కోట కుక్కలకు దర్భ కలిపిన మజ్జిగ తాగిస్తే తోలు ముక్కలు కక్కాయి. లా కాలేజీలో సహజ న్యాయమని మాకు ఒక సెమిస్టరంతా చెప్పింది ఇదే. రేగర్‌పురా రాజస్థాన్ నుంచి వచ్చిన తోలు పనివాళ్ల పేరుమీద వెలసిన పేట. తోలు పోతే అనుమానం ముందు ఎవరి గుడిసెకు వస్తుందో అక్కడ ఎవర్నడిగినా చెబుతారు.

అయితే మా సాక్షి నోరు విప్పదు. విప్పమని పట్టుబట్టే హక్కు మాకు లేదు, పోయేది ఆమె కూడు. తెలిసిన నిజం దాచడం ముసావాదం కిందికి వస్తుందా అని మేమిద్దరం పొద్దుపోయేదాకా వాదించుకున్నాం. తేలలేదు.

చివరికి అర్జీ రాశాం, ఆయన అడిగినది కాదు. ఒకటి, కుక్కలకు తిండిపెట్టే చోటు చూపించాలి. రెండు, చెవి కత్తిరించని వాటికి ఆపరేషన్లు చేయాలి. మూడు, ఈ గల్లీలో పెంపుడు కుక్కలన్నిటికీ రిజిస్ట్రేషనూ టీకా కాగితాలూ ఉన్నాయో లేదో ఇంటింటికీ చూడాలి. ఏ ఇంటి పేరూ రాయలేదు.

దుకాణాయన రెండు వరకూ తలూపాడు. మూడో దగ్గర ఆగాడు. “ఇళ్లలోవి ఏం చేశాయండీ పాపం?” మేము జవాబు చెప్పలేదు. ఆయన కాగితం మడిచి గల్లాపెట్టెలో పెట్టాడు. ఇది రాసే నాటికి అది అందులోనే ఉంది.

ప్రభుత్వాసుపత్రి సూదులు మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. ఆఖరుదానికి తల్లికి డ్యూటీ పడితే పిల్లను మేమే తీసుకెళ్లాం. తిరిగొస్తుంటే మెట్రో మెట్ల దగ్గర ఆ పిల్ల మా చెయ్యి విడిపించుకుని వెళ్లి, గోధుమరంగు కుక్క ముందు గొంతుక్కూర్చుని దాని తెగిన చెవి వెనక గోకింది. కుక్క ఈసారి ఒక కన్ను తెరిచింది. మాలో ఒకరు పిల్ల పక్కన కూర్చున్నారు. రెండోవారు నాలుగు మెట్ల పైనే నిలబడి, ఫోన్ చూసుకున్నారు.