కాచిన నీళ్ళే కదా అని ధీమా వద్దు



మొన్న అమీర్‌పేటలో ఉండే మా బిడ్డ దగ్గరికి పోయిన. మనుమడికి మూడు నెలలు. తల్లిపాలు చాలక డబ్బా పాలు కూడా పడుతున్నది. నల్లా రాని రోజు బోరు నీళ్ళే దిక్కు. "బాగా మరగబెట్టు బిడ్డా, ఏం కాదు" అని చెప్పింది నేనే.

పంజాగుట్టలో పిల్లల డాక్టరుకు చూపిస్తే, "పాలు ఏ నీళ్ళతో కలుపుతున్నరు?" అని అడిగిండు. కాస్తే క్రిములు చస్తయి గానీ నైట్రేట్ పోదట. నీళ్ళు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతదట. చూస్తే తెల్వదు, వాసన రాదు. లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటొద్దని మన దేశం పెట్టుకున్న హద్దు. మరీ ఎక్కువైతే ఆరు నెలల లోపు పిల్లల రక్తం ఆక్సిజన్ మోయలేదు. పెదవులు, గోర్లు నీలం పడతయి, పానం మీదికి వస్తది.

పట్నంల మురుగు ఇంకి బోర్లల్ల కలుస్తది. మరి మన ఊర్లల్ల? పంట తీసుకోని యూరియా, బోరు పక్కన పెంటకుప్ప. కేంద్ర భూగర్భ జల బోర్డు 2024 నివేదికలో దేశం మొత్తం మీద వంద నమూనాలకు సుమారు 20 హద్దు దాటినయి. పక్క చేనాయన ఒక బస్తా ఏస్తే నేను రెండు ఏసినోన్నే. ఎవర్ని అనాలె?

మనుమడు మంచిగనే ఉన్నడు. ఇప్పుడు ఆర్వో నీళ్ళు కాచి కలుపుతున్నది. నేను ఊరికి రాంగనే మా బోరు నీళ్ళు సీసాల పట్టి పరీక్షకు ఇచ్చిన. ఇంట్ల పసిపిల్లలుంటే మీరూ ఇయ్యుండ్రి. యూరియా ఒక్కసారే కుమ్మరించకుండ్రి, దఫాలుగా వేయండి.