నరానికి చోటు

"మెలకువలోనే వెన్ను ఆపరేషన్ చేస్తారా?" అని ఓ హమాలీ భార్య భయపడింది. అతను గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే మనిషి. పిర్ర నుంచి కాలి బొటనవేలి దాకా జివ్వుమని లాగే నొప్పి. రెండు నెలలు మందులు, ఫిజియోథెరపీ అయ్యాయి. చాలామందికి ఆపాటికి తగ్గిపోతుంది. ఇతనికి తగ్గలేదు సరికదా, బొటనవేలు పైకి లేపడమే కష్టమైంది. ఎల్4, ఎల్5 పూసల మధ్య జారిన డిస్కు ముక్క నరాన్ని నొక్కుతోంది.

బోర్లా పడుకోబెట్టి, చర్మం, కండ మొద్దుబారేలా ఇంజెక్షన్ ఇచ్చి, నడుం పక్కన 8 మిల్లీమీటర్ల గాటు పెట్టాం. పర్విజ్ కాంబిన్ అనే సర్జన్ వివరించిన చిన్న త్రికోణం గుండా ఎండోస్కోప్ వెళ్తుంది. నరానికి తగలకుండా డిస్కును చేరే దారి అది. రోగి మెలకువగా ఉండటమే మాకు అతి పెద్ద రక్షణ. "కాల్లో కరెంటు కొట్టినట్టుంది సార్" అన్నాడు. ఆగి, గొట్టం దిశ మార్చాం. ముక్క బయటికొచ్చాక తెర మీద నరం వదులై కదలడం కనిపించింది. "కాలు తేలికైంది" అన్నాడు, మేం అడక్కుండానే.

సాయంత్రానికి నడిచాడు. కానీ కొన్ని వారాలు బరువులు ఎత్తొద్దంటే ముఖం వాడిపోయింది. గాటు చిన్నదైనా డిస్కు మానడానికి పట్టే కాలం తగ్గదు. రోజు కూలీ మీద బతికే ఇంటికి ఆ వారాలే అసలు కష్టం.

రిటైరైన టీచరమ్మ ఒకావిడ కూడా ఈ ఆపరేషనే కావాలని వచ్చారు. ఎంఆర్‌ఐ రిపోర్టులో మూడు చోట్ల 'బల్జ్' (డిస్కు ఉబ్బడం) అని ఉంది. కాలికి నొప్పి లేదు, బలం తగ్గలేదు. 1994లో అమెరికాలో నడుం నొప్పే లేని 98 మందికి ఎంఆర్‌ఐ తీస్తే, సగానికి పైగా మందిలో బల్జ్ కనిపించింది. ఆ సంగతి చెప్పి, "మీకు కత్తి అక్కర్లేదమ్మా" అన్నాను. ఆవిడ వ్యాయామంతోనే కుదుటపడ్డారు.

మరో కుర్రాడికి మూత్రం ఆగిపోయింది, కూర్చునే చోట స్పర్శ పోయింది. జారిన డిస్కు ముక్క చాలా పెద్దది, నరాల గుత్తి మొత్తం నలుగుతోంది. ఆ రాత్రే వెన్ను తెరిచి ఆపరేషన్ చేశాం. గాటు పొడవు గురించి ఎవరం మాట్లాడలేదు. మూత్రం అదుపులోకి రావడానికి నెలలు పట్టింది. అంతకుముందు మూడు రోజులు ఊళ్లో నడుం నొప్పి ఇంజెక్షన్లే వేయించుకున్నాడు. ఆ ఇంజెక్షన్లు వేసే ఆర్‌ఎంపీలను నేను కోరేది ఒక్కటే: సూది తీసే ముందు, మూత్రం ఎలా వస్తోందో అడగండి.