45 డిగ్రీల అబద్ధం

టెక్సాస్‌లో ఎంఎస్ చదువుతున్న మా అక్క కారు వయసులో నాకంటే పెద్దది. 1997 మోడల్. జపాన్‌లో తయారై ఓడెక్కి అమెరికా చేరింది. వీఐఎన్ నంబర్ 'జె' అక్షరంతో మొదలైతే ఆ బండి జపాన్‌లో పుట్టినట్టు లెక్కట, నాకు ఈ కారు వల్లే తెలిసింది. అక్క ఉండే చోటికి బస్సు రాదు. కారు లేకపోతే కాలేజీ లేదు, ఇంటర్వ్యూ లేదు.

జనవరిలో అది మొండికేసింది. పొద్దున చక్కగా స్టార్ట్ అయ్యేది. కాసేపు తిరిగి, షాపు ముందు ఆపి, పది నిమిషాలాగి తాళం తిప్పితే మాత్రం ఎంతకీ అందుకోదు. పైగా పెట్రోలు వాసన. మైలేజీ పడిపోయింది. డ్యాష్‌బోర్డులో వేడి చూపించే ముల్లు ఎప్పట్లాగే మధ్యలో ఉంది. చెక్ ఇంజిన్ లైటు వెలగలేదు. ఒక గ్యారేజీలో ఇంజెక్టర్లు మార్చాలి, 900 డాలర్లు అన్నారట. లోన్ ఈఎంఐ కట్టేది నాన్న. అందుకే ఇంట్లో చెప్పకుండా నాకు ఫోన్ చేసింది. "రేయ్, నువ్వు సీఎస్ కదా, ఇదేంటో చూడు." సీఎస్‌కీ ఇంజెక్టర్లకీ సంబంధం ఏంటో గానీ, అక్క అడిగితే కాదంటామా!

1996 మోడల్ నుంచి అమెరికాలో అమ్మే కార్లలో ఓబీడీ-2 పోర్టు ఉంటుంది. ఫ్రెండ్ దగ్గర చిన్న బ్లూటూత్ స్కానర్ తెచ్చి పెట్టమన్నా. పొద్దున చల్లటి ఇంజిన్ మీద లోపలికొచ్చే గాలి 10 డిగ్రీలు, కూలెంట్ 6 డిగ్రీలు. రాత్రంతా ఆపిన బండిలో రెండూ దగ్గరగానే ఉండాలి, ఉన్నాయి. అరగంట నడిపాక చూస్తే కూలెంట్ 45. ముల్లేమో మధ్యలో!

చాలా పాత కార్లలో ఈ వేడిని కొలిచేవి రెండుంటాయి. ఒకటి ముల్లు కోసం, ఇంకోటి ఈసీయూ కోసం. అక్క కారులో ముల్లుకి నిజం తెలుసు, కంప్యూటర్‌కి తెలీదు. ఇంజిన్ ఇంకా పూర్తిగా వేడెక్కలేదనుకుని, చోక్ లాగినట్టు పెట్రోలు ఎక్కువ పోస్తోంది. సెన్సార్ వైరు తెగిపోతే ఈసీయూ పట్టేసి లైటు వెలిగిస్తుంది. 45 అనేది ఇంజిన్‌కి ఉండదగ్గ నంబరే కాబట్టి అనుమానించలేదు. మన ప్రోగ్రాముల్లో నల్ వస్తే దొరుకుతుంది. నమ్మేలా ఉన్న తప్పు విలువని పట్టుకోవడమే కష్టం.

మరి పొద్దున తేడా 4 డిగ్రీలే ఎందుకు? దీని మీద నేనొక రాత్రి కూర్చున్నా. లోపల ఉండేది థెర్మిస్టర్. వేడెక్కేకొద్దీ రెసిస్టెన్స్ తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర సుమారు 2,500 ఓమ్‌లు, 80 దగ్గర 300 చిల్లర. పాడైన సెన్సార్‌లో ఓ 700 ఓమ్‌లు అదనంగా చేరితే, చల్లగా ఉన్నప్పుడు ఆ వేలల్లో కలిసిపోతాయి. వేడిగా ఉన్నప్పుడు లెక్కంతా తలకిందులవుతుంది. కనెక్టర్ పీకి మల్టీమీటర్ పెట్టమన్నా. వేడి ఇంజిన్ మీద 980 చూపించింది. అంటే తప్పు వైరులో కాదు, సెన్సార్‌లోనే.

కొత్తది ఇరవై డాలర్లలోపే దొరికింది. కానీ మా ఇద్దరిలో ఎవరం స్పానర్ పట్టినవాళ్లం కాదు. ఇరవై ఏళ్లు లారీ నడిపిన నాన్నకి చెప్పక తప్పలేదు. గ్యారేజీ సంగతి విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అంతా మీరే తేల్చుకుని నాకిప్పుడు చెప్తున్నారా? సర్లే. ఇంజిన్ చల్లారిందా తల్లీ? వేడి మీద రేడియేటర్ మూత ముట్టుకోకు" అన్నారు.

మాకు ఆదివారం పొద్దున ఆరున్నర, అక్కకి శనివారం రాత్రి ఏడు. కొత్త సెన్సార్, వాషర్ చేతిలో రెడీగా పెట్టుకోమన్నారు నాన్న. 19 ఎంఎం డీప్ సాకెట్‌తో పాతది తిప్పింది. రాలేదు. "గట్టిగా గుంజకు, కొద్దిగా బిగించి అప్పుడు వదులు చెయ్యి," అన్నారు. ఈ ముక్క నేను చూసిన ఏ వీడియోలోనూ లేదు. టక్కున వదిలింది. కూలెంట్ అరగ్లాసు కారిందేమో, అంతలోనే కొత్తది ఎక్కించేసింది. కూలెంట్ నింపి, గాలి పోయేదాకా హీటర్ ఆన్ చేసి ఇంజిన్ నడిపింది.

స్కానర్ నంబర్లు అక్క పైకి చదువుతోంది. 38... 52... 67... 84. ఆపి, పది నిమిషాలాగి తాళం తిప్పింది. ఒక్క తిప్పుకే అందుకుంది.

ఫోన్‌లో ఆ చప్పుడు విని నాన్న అడిగారు, "ఇంటర్వ్యూ సోమవారమేగా?"