నెక్కొండ బాటలో నాగిన రథము

గత కార్తికమున మేమైదుగురము స్కూటర్లపై నెక్కొండనుండి నర్సంపేట మీదుగా పాకాల చెఱువునకు వనభోజనమునకై పోయితిమి. కాకతీయ గణపతిదేవుని కాలమున, 1213 ప్రాంతమున, కట్టబడిన యా తటాకము నేటికిని పొలములకు నీరిచ్చుచున్నది.

మరలివచ్చునపుడు, ఊరింక 5 కిలోమీటర్లుండగా, నా బండి రెండుమూడు కుదుపులు కుదిపి యాగిపోయెను. పెట్రోలున్నది, ఎంత తన్నినను పలుకదు. ఇరువంకల పత్తిచేలు, దూరమున కాజీపేట విజయవాడ మార్గమున బోవు రైలు కూత, ప్రొద్దు వాలుచున్నది. "మీరు సాగుడు, నేను మావారికి ఫోను చేసెద"నంటిని. "కలిసి వచ్చితిమి, కలిసియే పోవుద"మని వదినగారు తన బండియు నాపెను. తక్కినవారును దిగిరి.

అంతలో పత్తి యేఱి వచ్చుచున్న యొక యవ్వ "ప్లగ్గు జూసినవా, బిడ్డా?" అనెను. వారి మందుకొట్టు పంపునకును ఇదియే జబ్బట! ఆసనము క్రింద నేనెన్నడును విప్పని పనిముట్ల సంచి తెఱపించి, యంత్రము చల్లాఱిన పిదప నాచేతనే ప్లగ్గు నూడదీయించెను. దాని కొనయంతయు నల్లని మసి. మసి పట్టినచో నిప్పురవ్వ పుట్టదు; రవ్వ లేక పెట్రోలావిరి యంటుకొనదు. గుడ్డతో తుడిచి బిగింపగా బండి పలికెను.

డబ్బీయబోగా, "పైసలెందుకు బిడ్డా? ఊరుదాంక ఎక్కించుకపో" అని నవ్వెను.

కర్ణుని రథచక్రము క్రుంగిన ఘట్టమును చదివి యెన్నియో మారులు కంట తడిపెట్టినదానను. నా రథము సంగతి మాత్రము మావారు చూచుకొందురని యుంటిని. ఆ సంచి నిపుడు నేనే విప్పుదును. మీరును ఒకమారు విప్పిచూడుడు.